గొర్రుకు పళ్ళు, గడియారానికి ముల్లు: ‘టైన్’కు తెలుగు మాట ఏది?

మీ ఇబ్బంది నాకు అర్థమైంది. ట్రాక్టర్ వెనుక కట్టే పనిముట్టుకు వాడకపు పుస్తకం తెలుగులోకి మారుస్తున్నారు. అందులో ‘టైన్’ అన్న ఇంగ్లీషు మాట పేజీకి నాలుగుసార్లు వస్తోంది. నిఘంటువు తెరిస్తే మొన, కొన, ముల్లు, శూలాగ్రం అని కనిపించాయి. మీరు గంభీరంగా ఉంటుందని ‘తొమ్మిది శూలాగ్రములు గల సేద్య పరికరము’ అని రాశారు. చిత్తుప్రతి చదివిన రైతు ‘ఇది పొలానికా, శివాలయానికా’ అన్నాడు. పైగా మీరు అనువదిస్తున్న మరో కథలో ఇదే మాట ఒకచోట దుప్పి కొమ్ముల దగ్గర, ఒకచోట భోజనాల బల్ల మీది ఫోర్కు దగ్గర వచ్చింది. అన్నిటికీ సరిపోయే ఒకే మాట ఉందా అని మీ ప్రశ్న.

లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. పనిముట్టు మటుకు తేలిక: ‘తొమ్మిది పళ్ళ గొర్రు’ అని రాయండి, ఆ రైతు మళ్ళీ నోరెత్తడు. మిగతా రెండింటికీ కాస్త ఓపిక పట్టాలి. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి పుస్తకాలతోనే కుస్తీ పడుతున్నాను కాబట్టి కొంచెం విస్తరంగానే చెబుతాను.

ముందు ఇంగ్లీషు మాట సంగతి. ‘టైన్’ పాత ఇంగ్లీషులో ‘టిండ్’. చివరి ‘డ’కారం కాలక్రమంలో రాలిపోయింది. నార్వే వాళ్ళ భాషలో దీని చుట్టం ఇంకా ‘టిండ్’గానే ఉంది, అక్కడ దాని అర్థం కోసుగా పైకి లేచిన కొండ శిఖరం. చాలా కొండల పేర్ల చివర ఆ మాటే వినిపిస్తుంది. ఇంగ్లీషులో మాత్రం అది ఒక మొదలు నుంచి బయలుదేరిన కోసు పాయలలో ఒకదానికి పేరుగా స్థిరపడింది. ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, టైన్ అంటే కొస ఒక్కటే కాదు, మొదలు నుంచి కొస దాకా ఉన్న పాయ మొత్తం. రెండు, అది సాధారణంగా ఒంటరిగా ఉండదు, పక్కన దానిలాంటివే మరికొన్ని ఉంటాయి. నిఘంటువులో ‘మొన’ అని చూసి రాసేవాళ్ళు మొదటి సంగతి దగ్గరే తప్పటడుగు వేస్తారు. మొన అనేది ఒక వస్తువు కాదు, వస్తువుకు చివర. సూదికి మొన ఉంటుంది, బాణానికి మొన ఉంటుంది, గొర్రు పంటికీ మొన ఉంటుంది. ‘మొన విరిగింది’ అంటే కొస చిట్లిందని అర్థం, ‘పన్ను విరిగింది’ అంటే పాయ మొత్తం పోయిందని. విడిభాగాల కొట్టుకు వెళ్ళే మనిషికి ఈ రెండింటి మధ్య తేడా డబ్బుతో సమానం.

(మాటలో మాట. మొన అంటే యుద్ధరంగమనీ, సేన ముందు భాగమనీ అర్థాలు ఉన్నాయి. మొనగాడు అక్కడివాడే.)

ఇక పన్ను. తెలుగు ఈ మాటను నోటికే పరిమితం చేయలేదు. రంపానికి పళ్ళు, దువ్వెనకు పళ్ళు, గొర్రుకు పళ్ళు, యంత్రాల్లో ఒకదానిలో ఒకటి ఇరుక్కుని తిరిగేవి పళ్ళ చక్రాలు. కొడవలికి పళ్ళుంటే కక్కు కొడవలి అంటారు గానీ అవీ నిజానికి పళ్ళే. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది వాడితనం కాదు, దువ్వెన పన్నుకు వాడి ఏముంది? ఉమ్మడిగా ఉన్నది వరుస. ఒకే దిక్కుకు తిరిగి, సమాన దూరంలో నిలబడి, అన్నీ కలిసి ఒకే పని చేస్తే తెలుగు దానిని పలువరుసతో పోల్చుకుంది. సంస్కృతం వైపు నుంచి వచ్చినా అదే దారి: దంతె అన్న సేద్యపు పనిముట్టు పేరులోనే దంతం వినిపిస్తోంది. ఇది మన ఒక్కరి ఊహ కాదు. లాటిన్ వాళ్ళు త్రిశూలం లాంటి ఆయుధాన్ని ‘మూడు పళ్ళది’ అన్నారు, ఇంగ్లీషు ‘ట్రైడెంట్’ అదే. ఫ్రెంచి వాళ్ళు ఫోర్కు పాయలను ఇవాళ్టికీ పళ్ళనే అంటారు.

గొర్రును దగ్గర నుంచి చూడని వారికోసం కొంచెం చెబుతాను, మీ పుస్తకానికీ పనికివస్తుంది. ఎద్దులతో విత్తే పాత గొర్రులో అడ్డంగా ఒక బరువైన దుంగ, దానికి కింద వరుసగా బిగించిన కొయ్య పళ్ళు, ప్రతి పంటి కొసకూ ఇనుప తొడుగు. పళ్ళ వెనుక వెదురు గొట్టాలు ఉంటాయి. అవన్నీ పైకి వెళ్ళి జడ్డిగం అనే చెక్క గిన్నెలో కలుస్తాయి, దాని అడుగున గొట్టానికొక రంధ్రం. ముందు ఒకరు ఎద్దులను తోలుతుంటే, వెనుక నడిచే మనిషి, చాలా ఊళ్ళలో ఆడమనిషి, గింజలను గుప్పిట్లోంచి ఒకే తీరున జడ్డిగంలోకి వదులుతుంది. గింజ గొట్టంలో జారి, పన్ను అప్పుడే చీల్చిన సాలులో పడుతుంది. ఇక్కడ పన్ను చేసే పని గుచ్చడం కాదు, గీత గీయడం. ఏదో ఒక గొట్టం మూతికి తడిమట్టి పట్టిందనుకోండి, విత్తేటప్పుడు ఎవరికీ తెలియదు. వారం పది రోజులకు మొలకలు వచ్చాక చేనంతా వరుసలు తీరి, మధ్యలో ఒక్క సాలు మాత్రం బోసిగా కనిపిస్తుంది. బోసినోరును చూసినప్పుడు వాడే మాటనే ఆ చేనును చూసి వాడతాం. పన్ను అన్న పోలిక పైపైన అతికించినది కాదని నాకు అక్కడే అర్థమైంది.

ఇప్పటి ట్రాక్టర్ కల్టివేటర్‌ను కూడా ఊళ్ళలో గొర్రే అంటున్నారు. ఎక్కువగా తొమ్మిది పళ్ళవి, పదకొండు పళ్ళవి. వాటిలో రెండు రకాలు. కొన్నింటిలో పన్ను కదలకుండా బిగించి ఉంటుంది. కొన్నింటిలో ప్రతి పంటికీ స్ప్రింగు ఉంటుంది, నేలలో రాయో వేరో తగిలితే పన్ను వెనక్కి వాలి, అది దాటాక తిరిగి తన చోటికి వస్తుంది. పంటి కొసన బోల్టుతో బిగించే ఇనుప ముక్క వేరు, అరిగితే మార్చేది దానిని. దానికి నాగటి మాటే వాడుకోండి: కర్రు. ‘పన్ను’, ‘కర్రు’ అని రెండు మాటలు పెట్టుకుంటే పుస్తకం పొడవునా ఎక్కడా తికమక రాదు. మరి తిరుగుతూ మట్టిని గుల్ల చేసే రోటవేటర్ వస్తే? దానికి ఉండేవి పళ్ళు కావు, వంకర కత్తులు. అక్కడ ‘పన్ను’ రాసిన అనువాదకుడికి కర్రు కాల్చి వాత పెట్టాలి.

ఒక చిన్న జాగ్రత్త. ‘పన్ను’ అంటే సుంకం కూడా, ‘పళ్ళు’ అంటే మామిడిపళ్ళు కూడా. అందుకని శీర్షికలో ఒంటరిగా ‘పన్నుల మార్పిడి’ అని పెట్టకండి, రైతు భయపడతాడు. ‘గొర్రు పళ్ళు మార్చడం’ అంటే సరి. ఒక ప్రభుత్వ కరపత్రంలో ‘మూడు పన్నుల యంత్రం’ అని అచ్చయినది నేను కళ్ళారా చూశాను. దాని కింద ధర కూడా వేశారు, అది పన్నులతో కలిపో విడిగానో రాయలేదు.

మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయానికి సంబంధించిన సంపుటం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చింది. ఊరూరా తిరిగి రైతులు అనే మాటలను అన్నట్టే ఎక్కించిన పని అది. వ్యవసాయం అనువదించే వాళ్ళు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కంటే ముందు తెరవాల్సింది దానిని.

ఇప్పుడు ముల్లు. పన్ను వరుసలో బతికితే ముల్లు ఒంటరిగా బతుకుతుంది. గడియారంలో చిన్న ముల్లు, పెద్ద ముల్లు. త్రాసు ముల్లు. ఎద్దులను అదిలించే ముల్లుకర్ర, దాని చివర ఒకటే ఇనుప మొన. ముల్లుకు రెండు పనులు: గుచ్చడం, చూపించడం. గడియారంలోనూ త్రాసులోనూ అది ఎవరినీ గుచ్చదు, వేలు పెట్టి చూపిస్తుంది. చేప ముల్లు మాత్రం మొదటి పని మరిచిపోలేదు. పులస తిన్నవారిని అడగండి, ముళ్ళు ఏరడం ఎంత పనో చెబుతారు.

ఆ లెక్కన ఫోర్కుకు ఏ మాట? తమిళులు దానిని ‘ముళ్ళ గరిటె’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు, తెలుగు నిఘంటువుల్లోనూ ‘ముళ్ళగరిటె’ కనిపిస్తుంది. ఆ పేరు పెట్టినవారు ఫోర్కు గుచ్చుతుందని చూశారు. వరుసగా ఉందని చూస్తే పళ్ళు అనాలి. రెండూ తప్పు కావు. మొదట్లో ఐరోపాలో ఫోర్కులకు రెండే పాయలు, నిటారుగా, వాడిగా, నిజంగా ముళ్ళలా ఉండేవి. మాంసాన్ని కదలకుండా పట్టుకోవడానికి సరిపోయేవి గానీ, బఠానీలు మధ్యలోంచి జారిపోయేవి. తర్వాత మూడయ్యాయి, నాలుగయ్యాయి, కొంచెం వంపు తిరిగాయి, గుచ్చడంతో పాటు ఎత్తడమూ నేర్చుకున్నాయి. అంటే ముల్లు మెల్లగా పన్నయింది. ఇంగ్లీషు యాత్రికుడు థామస్ కోర్యట్ ఇటలీలో ఫోర్కుతో తినడం చూసి, ఇంటికి వచ్చాక కూడా అలాగే తింటూ, 1611లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఆ ముచ్చట రాశాడు. స్నేహితుడొకడు అతనికి లాటిన్‌లో ‘ఫుర్కిఫెర్’ అని పేరు పెట్టి ఆటపట్టించాడు. ఆ మాటకు పైకి ‘పంగకర్ర మోసేవాడు’ అని అర్థం, లోపల ‘దొంగ వెధవ’ అని.

పంగ గుర్తుకొచ్చింది కదా, అదీ చూద్దాం. ఇది చాలామంది తప్పుగా వాడే మాట. పంగ అంటే పాయ కాదు, పాయలు విడిపోయే చోటు. చెట్టు పంగలో పిట్ట గూడు పెడుతుంది, కొమ్మ మీద కాదు. పిల్లలు రబ్బరు కట్టి రాళ్ళు విసిరే పంగలకర్రలో రెండు కొమ్ములు, ఒక పంగ. నుదుట రెండు పాయలుగా నిలువునా పెట్టేది పంగనామం, ఎవరైనా మనల్ని ముంచేస్తే పెట్టి వెళ్ళేదీ అదే. లాటిన్ వాళ్ళ పంగకర్ర మోసేవాడూ మన పంగనామం పెట్టేవాడూ ఒకే జాతికి చెందడం కాకతాళీయమే, అయినా నాకు ఎప్పుడు తలచుకున్నా నవ్వొస్తుంది. మీ పుస్తకంలో ‘రెండు టైన్ల మధ్య గడ్డి ఇరుక్కుంటే’ అన్న వాక్యం వస్తే ‘పళ్ళ సందున’ అనండి, ‘పంగలో’ అనకండి. పళ్ళకు సందు ఉంటుంది, పంగ ఉండదు.

దుప్పి కొమ్ముల దగ్గరికి వద్దాం. నాకు ఈ ప్రశ్నలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మీరు ‘కొమ్ముల పళ్ళు’ అని రాశారు. చదవగానే జంతువుకు నెత్తి మీద నోరు మొలిచినట్టు అనిపించింది. తెలుగులో కొమ్ము, కొమ్మ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. తమిళంలో ‘కొంబు’ అన్న ఒక్క మాటకే ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. మన భాష చెట్టు మీది దానికి అకారం, జంతువు మీది దానికి ఉకారం పెట్టి విడదీసింది. దుప్పి తలమీద ఆ రెండూ మళ్ళీ కలుస్తాయి: అది కొమ్మలు వేసిన కొమ్ము. ‘మూడు కొమ్మలు వేసిన కొమ్ములు’ అని రాయండి, చూడండి ఎంత హాయిగా ఉందో.

చుక్కల దుప్పికి ఒక్కో కొమ్ముకు మామూలుగా మూడు కొసలు: నుదుటికి దగ్గరగా ముందుకు పొడుచుకొచ్చేది ఒకటి, పైన చీలినవి రెండు. బారసింగా అని ఇంకో దుప్పి ఉంది, ఆ హిందీ పేరుకు ‘పన్నెండు కొమ్ములది’ అని అర్థం. మధ్యప్రదేశ్‌లోని కాన్హా అడవుల్లో దానిలో గట్టి నేల మీద తిరిగే రకం ఉంది. రెండు కొమ్ముల మీద కొసలన్నీ లెక్కిస్తే పది నుంచి పద్నాలుగు దాకా తేలతాయి కాబట్టి ‘పన్నెండు’ కచ్చితమైన లెక్క కాదు, ముచ్చటైన లెక్క. బ్రిటన్ వేటగాళ్ళు ఎర్ర దుప్పి కొమ్ము మీది ఒక్కో కొమ్మకు ఒక్కో పేరు పెట్టుకున్నారు, పన్నెండు కొసలున్న దానిని ‘రాయల్’ అంటారు. మీ కథలో ఆ మాట వస్తే ‘రాజ దుప్పి’ అని తెలుగు చేసి వదిలేయకండి, పన్నెండు కొసల సంగతి ఎక్కడో ఒకచోట చెప్పాలి, లేకపోతే పాఠకుడు ఆ జంతువుకు రాజ్యం కూడా ఉందనుకుంటాడు.

కొమ్మలు వేసే కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి, లోపలంతా ఎముకే. కృష్ణజింక కొమ్ములు అలా కావు. మెలికలు తిరుగుతాయి గానీ చీలవు, రాలవు, కొమ్మ వేయవు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి. మనం రెంటినీ జింక అనేస్తాం. టైన్ అన్న మాట వచ్చిందంటే అది రెండో దాని సంగతేనని గుర్తుపెట్టుకోండి.

‘ప్రాంగ్’ గురించి కూడా అడిగారు. ఇంగ్లీషులో అది టైన్ కంటే కొంచెం మొద్దు మాట, వాడి ఉన్నా లేకపోయినా చెల్లుతుంది. కరెంటు ప్లగ్గుకు ఉండేవి ప్రాంగులు. మన కరెంటు కొట్టులో వాటిని ముళ్ళనో పళ్ళనో అడిగితే కుర్రాడు తెల్లమొహం వేస్తాడు. మూడు పిన్నుల ప్లగ్గు అనాలి. (పై పిన్ను మిగతా రెంటికంటే పొడవుగా ఉండేది ఎర్తింగు అందరికంటే ముందు తగిలి, అందరికంటే చివర విడిపోవాలని.) శృతిదండానికి, అంటే ట్యూనింగ్ ఫోర్కుకు, రెండు ప్రాంగులు, బడి పుస్తకాలు వాటిని భుజాలు అన్నాయి. మంచి మాట. కొట్టగానే రెండూ ఒకేసారి దగ్గరికి వచ్చి ఒకేసారి దూరమవుతాయి, చప్పట్లు కొట్టబోయి ఆగిపోయిన చేతుల్లా. 1711లో దానిని తయారుచేసిన జాన్ షోర్ వాద్యకారుడు, కమ్మరి కాదు. మీ చేతికి క్వార్ట్జ్ గడియారం ఉంటే లోపల కొన్ని మిల్లీమీటర్ల శృతిదండం ఒకటి సెకనుకు 32,768 సార్లు అదురుతూ ఉంటుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది, అదే ముల్లు వేసే ఒక అడుగు. లోపల భుజాలు, బయట ముల్లు, ఒకే పెట్టెలో.

అన్నట్టు, పత్రికల్లో ‘త్రీ ప్రాంగ్డ్ అటాక్’ వస్తే ‘మూడు మొనల దాడి’ అని కుస్తీ పట్టకండి. మనకు ముప్పేట దాడి ఉంది. పేట అంటే గొలుసులో ఒక వరుస, మూడు పేటల గొలుసు ముప్పేట గొలుసు. ఇంగ్లీషు వాడికి మూడు వైపుల దాడి ఫోర్కులా కనిపిస్తే మనకు మెడకు చుట్టుకునే గొలుసులా కనిపించింది. నన్నడిగితే చుట్టుముట్టడం మన మాటలోనే బాగా తెలుస్తుంది. పాత కావ్యభాషలో త్రిశూలానికి ‘ముమ్మొనవాలు’ అన్న మాట ఉంది, దానిని శివుడి చేతిలోనే ఉంచేద్దాం.

ఇక మిగిలింది మీ కథలో చివరి వాక్యం. భోజనాల బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి, ఫోర్కు టైన్లు పింగాణీ మీద గీసుకున్న చప్పుడు మాత్రం వినిపించింది. మీరు ‘ఫోర్కు పళ్ళు పళ్ళెం మీద గీరుకున్నాయి’ అని రాసి, పళ్ళు-పళ్ళెం పక్కపక్కన పడి పిల్లల పొడుపు కథలా ఉందని బాధపడ్డారు. నిజమే. ‘ముళ్ళు’ పెట్టినా బాగుండదు, కంచె గుర్తొస్తుంది. పనిముట్ల పుస్తకంలో పన్ను తప్పనిసరి, ఎందుకంటే అక్కడ దానికి ధర ఉంది, బోల్టు ఉంది. కథలో ఆ చోట ఎవరికీ పాయల లెక్క అక్కరలేదు, కీచుమన్న చప్పుడు కావాలి. నేనైతే ఇలా రాస్తాను: ‘ఎవరూ ఏమీ అనలేదు. పింగాణీ మీద ఎవరిదో ఫోర్కు కీచుమంది.’